ముందు అత్తయ్య గారి మోకాలి ఎత్తు, తర్వాత సోఫా

ప్రశ్న: అమ్మా, మాది కావలి. నేను స్కూల్ టీచర్ని. పోయిన మాఘమాసంలో కొత్తింట్లో చేరాము. మేము మేడ మీద ఉంటాము, కింద అద్దెకిచ్చాము. హాలు పొడవు 16 అడుగులు, వెడల్పు 11. ఇన్నాళ్ళూ నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక నవారు మంచంతోనే నెట్టుకొచ్చాము. ఇప్పుడు సోఫా కోసం 45 వేలు పక్కన పెట్టాము. మావారు ఎల్ షేప్ కావాలంటారు, కాళ్ళు చాపుకుని క్రికెట్ చూడొచ్చని. నాకేమో ఆన్‌లైన్‌లో చూసిన లేత గోధుమరంగు వెల్వెట్ సోఫా మీద మనసు పడింది. పిల్లలకు ఆరేళ్ళు, తొమ్మిదేళ్ళు. మా అత్తయ్యకు 68 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు. ఆమెను అడిగితే "నాకు ప్లాస్టిక్ కుర్చీ చాలమ్మా, మీకు నచ్చింది కొనుక్కోండి" అన్నారు. షాపుల్లో ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతున్నారు. ఇంత డబ్బు పెట్టి తప్పు చేస్తామేమోనని టెన్షన్‌గా ఉంది. ఏది తీసుకోమంటారు?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రంగు, ఆకారం, డబ్బు అన్నీ వివరంగా రాశారు. నా మనసు మాత్రం మీ అత్తయ్య గారి మాట దగ్గరే ఆగిపోయింది. "నాకు ప్లాస్టిక్ కుర్చీ చాలు" అనే మాట నేను మా నాన్న నోట విన్నాను. విని, నిజమే కాబోలు అనుకున్నాను.

మేము నెల్లూరు వేదాయపాళెంలో ఉండగా, మా అమ్మాయి నిశ్చితార్థానికి ముందు హడావిడిగా ఒక సోఫా సెట్ కొన్నాము. మెత్తగా, లోతుగా, నేలకు దగ్గరగా ఉండేది. షాపులో కూర్చోగానే హాయిగా అనిపించింది. వచ్చిన చుట్టాలు కూడా బాగుందన్నారు. నాన్నకు అప్పటికి 74 ఏళ్ళు. మొదట్లో అందులోంచి లేవాలంటే మా అబ్బాయి చెయ్యి పట్టుకునేవారు. కొన్ని రోజులకు వరండాలో ప్లాస్టిక్ కుర్చీకి మారిపోయారు. లోపలికి రమ్మంటే "ఇక్కడ గాలి బాగుందమ్మా, నాకీ కుర్చీ చాలు" అనేవారు. ఎండాకాలం కదా అనుకున్నాను. వానలు మొదలైనా ఆయన లోపలికి రాలేదు. సాయంత్రం వార్తలు కిటికీ బయట కూర్చునే వినేవారు. చివరికి ఆయనకు వ్యాయామాలు చేయించడానికి ఇంటికొచ్చిన ఫిజియోథెరపిస్టు అమ్మాయి ఆ సోఫాలో తనే కూర్చుని లేచి చూసి, "ఇందులోంచి తాతగారు ఎట్లా లేస్తారండీ?" అని అడిగింది. టేపు పెట్టి కొలిచాము. మనిషి కూర్చున్నాక సీటు నేలకు 14 అంగుళాల ఎత్తులో ఉంది. నాన్న మోకాలి వెనక మడత 17 అంగుళాల ఎత్తులో ఉంది. ఆ మూడంగుళాల వల్లే ఆయన ఏడు నెలలు ఇంట్లో వాళ్ళకు దూరంగా వరండాలో కూర్చున్నారు. వడ్రంగిని పిలిచి కాళ్ళ కింద చెక్క దిమ్మెలు బిగించి, సీట్లలో గట్టి ఫోమ్ వేయించాక మళ్ళీ హాల్లోకి వచ్చారు. అది నాకు ఇప్పటికీ బాధే.

సీటు మోకాలి కంటే కిందకు ఉంటే, కూర్చున్నప్పుడు నడుం మోకాళ్ళ కంటే దిగువకు పోతుంది. లేచేటప్పుడు బాగా వంగిన మోకాళ్ళ మీద, తొడ కండరాల మీద ఒక్కసారిగా బరువు పడుతుంది. వయసులో ఉన్నవాళ్ళకు అది తెలియదు. మోకాళ్ళు అరిగినవాళ్ళకు ప్రతిసారీ తెలుస్తుంది. ఇంకొకరిని చెయ్యి అడగడం ఇష్టం లేక, అసలు కూర్చోవడమే మానేస్తారు.

మీ అత్తయ్య గారికి ప్లాస్టిక్ కుర్చీ ఎందుకు చాలుతోందో ఒకసారి దగ్గర నుంచి చూడండి. దాని సీటు గట్టిగా ఉంటుంది, కూర్చుంటే కుంగదు. చేతులు ముందుదాకా వస్తాయి, వాటి మీద అరచేతులు ఆనించి లేవొచ్చు. కుర్చీ కింద ఖాళీ ఉంటుంది కాబట్టి లేచే ముందు పాదాలు వెనక్కి జరుపుకోవచ్చు. ఈ మూడూ మీరు కొనే సోఫాలో ఉంటే ఆమె హాల్లో అందరితోపాటు కూర్చుంటారు. లేకపోతే మీరు ఎంత ఖరీదు పెట్టినా ఆ ప్లాస్టిక్ కుర్చీనే వెతుక్కుంటారు.

అందుకే షాపుకు పోయే ముందే కొలతలు తీసుకోండి. ఆమెను చెప్పులు లేకుండా, పాదాలు నేలకు పూర్తిగా ఆనేటట్టు కూర్చోబెట్టి, మోకాలి వెనక మడత నుంచి నేల దాకా కొలవండి. ఐదడుగుల మనిషికి సుమారు 15 అంగుళాలు ఉంటుంది. మోకాళ్ళ నొప్పి ఉంది కాబట్టి దానికి రెండంగుళాలు కలపండి. మనిషి కూర్చుని, ఫోమ్ కుంగిన తర్వాత సీటు ఉండాల్సిన ఎత్తు అది. షాపువాళ్ళు చెప్పేది ఖాళీ సీటు ఎత్తు. మెత్తటి ఫోమ్ అయితే అందులో రెండు మూడు అంగుళాలు లోపలికి పోతాయి. ప్లాస్టిక్ కుర్చీ సీటు ఎత్తు కూడా కొలిచి రాసుకోండి, ఆమె శరీరం దానికి అలవాటు పడి ఉంది.

ఇంకో కొలత సీటు లోతు. ఆమె నడుము వెనక్కి ఆనించి కూర్చున్నప్పుడు, సీటు అంచుకూ మోకాలి వెనక భాగానికీ మధ్య రెండు వేళ్ళ సందు ఉండాలి. షోరూముల్లో ఇప్పుడు 22, 24 అంగుళాల లోతున్న సోఫాలే ఎక్కువ కనిపిస్తున్నాయి. మన ఆడవాళ్ళు వాటిలో వెనక్కి ఆనుకుంటే కాళ్ళు గాల్లో వేలాడతాయి, కాళ్ళు నేలకు ఆనితే వీపు ఆనదు. దిండు పెట్టుకుంటే సరిపోతుందని షాపులో అంటారు. ఆ దిండు జారిపోతూనే ఉంటుంది, నడుం నొప్పి వస్తూనే ఉంటుంది.

ఎల్ షేప్ సంగతికి వస్తాను. మీవారి కోరికలో తప్పు లేదు, రోజంతా పనిచేసి వచ్చిన మనిషి కాళ్ళు చాపుకోవాలనుకుంటారు. కానీ మీ హాలుకు ఎల్ షేప్ వద్దని నా అభిప్రాయం. మామూలుగా దొరికే ఎల్ షేప్ 9 అడుగులకు 6 అడుగులు ఉంటుంది అనుకుందాం. పొడుగు గోడకు 9 అడుగుల భాగం వేస్తే, రెండో భాగం 6 అడుగులు హాలు మధ్యలోకి వస్తుంది. మీ 11 అడుగుల వెడల్పులో ఎదురు గోడకు టీవీ బల్ల ఒకటిన్నర అడుగు తీసుకుంటే మిగిలేది మూడున్నర అడుగులు. మనిషి నడవడానికి సరిపోతుంది, కానీ హాలు రెండు ముక్కలవుతుంది. పిల్లలు ఆడుకునే చోటు పోతుంది. పైగా మూల సీటులో ఎవరూ సుఖంగా కూర్చోలేరు, పక్కవాళ్ళ మోకాళ్ళు అడ్డం వస్తాయి. ఎడమ వైపుకు చేయించింది కుడి వైపుకు మార్చలేరు. అన్నిటికంటే ముఖ్యం, ఎల్ షేపులు చాలావరకు పల్లంగా, లోతుగా ఉంటాయి. మీ ఇంట్లో ఎక్కువసేపు హాల్లో ఉండే మనిషి అత్తయ్య గారే. మీరిద్దరూ ఉద్యోగాలకు, పిల్లలు స్కూలుకు వెళ్ళాక అక్కడ ఉండేది ఆమె ఒక్కరే కదా.

మీవారి కోసం దివాన్ చేయించండి. ఆరడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు చాలు. 11 అడుగుల గోడ పక్కన చక్కగా పడుతుంది. దాని మీద ఆయన క్రికెట్ చూస్తారు, పిల్లలు బోర్లా పడుకుని పుస్తకాలు చదువుతారు, సంక్రాంతికి వచ్చినవాళ్ళు రాత్రి పడుకుంటారు. నెల్లూరు బారాషహీద్ దర్గాలో జరిగే రొట్టెల పండక్కి మా ఇంటికి వచ్చే బంధువులు ప్రతి ఏడూ దివాన్ మీదే సర్దుకుంటారు, సోఫా మీద ఎవరికీ నిద్ర పట్టదు. దివాన్ కింద పెట్టె పెట్టి పరుపులు దాచుకోమని చెబుతారు. నేనైతే కింద ఖాళీగానే వదిలేయమంటాను. చీపురు, తడిగుడ్డ లోపలిదాకా పోతాయి. వానాకాలంలో మూసిన పెట్టెలో పెట్టిన దుప్పట్లు ముక్కిన వాసన వస్తాయి.

మీరు టీచరు కాబట్టి చాక్‌పీసుకు కొదవ లేదు. కొనాలనుకున్న సోఫా కొలత, దివాన్ కొలత హాలు నేల మీద గీయండి. మూడు సీట్ల సోఫా అయితే ఆరున్నర నుంచి ఏడు అడుగుల పొడవు, సుమారు మూడడుగుల వెడల్పు. రెండు రోజులు ఆ గీతలు అట్లాగే ఉంచండి. వంటింట్లోకి, పూజగదిలోకి పోతూ ఎవరు ఎక్కడ గీత తొక్కుతున్నారో చూడండి. తొక్కిన చోట సోఫా పెట్టకూడదు. నడిచే దారి కనీసం రెండున్నర అడుగులు ఉండాలి. టీపాయ్ గురించి తొందరపడకండి. ఆరేళ్ళ పిల్లాడికి దాని మూలలు తగులుతాయి, అత్తయ్య గారి కాళ్ళకూ అడ్డం. కాఫీ గ్లాసు పెట్టుకోవడానికి పక్కన ఒక చిన్న స్టూలు చాలు.

మేడ మీద ఇల్లు అన్నారు. మెట్ల వెడల్పు, మలుపు దగ్గర చోటు కొలవండి. తలుపు వెడల్పు మాత్రమే కొలిచి చాలామంది ఇబ్బంది పడతారు. బయట ఇనుప గ్రిల్ గేటు ఉంటే అది ఎంతమేరకు తెరుచుకుంటుందో కూడా చూడాలి. కాళ్ళు ఊడదీసే వీలున్న సోఫా అయితే మలుపుల్లో పని సులువు.

ఇక లోపలి సరుకు. షాపులో "32 డెన్సిటీ ఫోమ్" అంటారు. అంటే ఆ ఫోమ్ ఒక ఘనపు మీటరు 32 కిలోలు తూగుతుందని. డెన్సిటీ ఎక్కువ ఉంటే ఎక్కువ ఏళ్ళు ఆకారం నిలుస్తుంది. అయితే డెన్సిటీ వేరు, గట్టితనం వేరు. 32 డెన్సిటీలోనే మెత్తటిదీ ఉంటుంది, గట్టిదీ ఉంటుంది. కాబట్టి రెండూ అడగండి. మీ సీట్లకు 40 డెన్సిటీ, గట్టిది అడగండి. కుదరకపోతే 32కు తగ్గవద్దు. వీపు వైపు తక్కువ డెన్సిటీ ఉన్నా ఫర్వాలేదు, అక్కడ బరువు పడదు. సీటు కింద ఏముందో కూడా చూడాలి. సాగే బెల్టులైతే దగ్గర దగ్గరగా, రెండు వైపులా అల్లినట్టు ఉండాలి. అరచేతి కంటే ఎక్కువ సందులు వదిలేస్తే కొన్నాళ్ళకు సీటు మధ్యలో గుంట పడుతుంది. ఇనుప స్ప్రింగులు మంచివే, కానీ తుమ్మలపెంట సముద్రం మీకు దగ్గర, ఉప్పుగాలికి ఇనుము తొందరగా తుప్పు పడుతుంది. అదే కారణంతో ఇనుప కీళ్ళుండే రిక్లైనర్ కూడా మీకు చెప్పను.

చెక్క విషయంలో షాపువాళ్ళ మాట మీద ఆధారపడకండి. సోఫాను తిరగేయించి, కింద నల్లగుడ్డ కొంచెం పైకి తీసి చూపించమనండి. చూపించడానికి ఇష్టపడని చోట కొనవద్దు. ముందు కాళ్ళలో ఒకదాన్ని నాలుగైదు అంగుళాలు పైకెత్తండి. రెండో ముందు కాలు కూడా వెంటనే లేస్తే ఫ్రేము గట్టిది. ఒక కాలు లేచినా రెండోది నేలకే అంటుకుని ఉంటే ఫ్రేము మెలి తిరుగుతోందని అర్థం. టేకు అన్నారంటే చేవ, అంటే మాను లోపలి ముదురు చెక్క ఉన్నదా, తెల్లటి పైచెక్కా అని చూడండి. టేకుకు చెదలు పట్టదనే మాట చేవకే వర్తిస్తుంది. నా వరకు, మీ బడ్జెట్‌లో బాగా ఆరిన వేపకర్ర ఫ్రేము మంచి పని. మన దగ్గర దొరుకుతుంది, చేదుకు పురుగు అంత త్వరగా పట్టదు, పైన గుడ్డ కప్పేస్తారు కాబట్టి అందంతో పని లేదు. ప్లైవుడ్ వాడితే ఐఎస్ 710 అనే ముద్ర ఉన్నది తేమకు తట్టుకుంటుంది. చెక్కపొడి అదిమి చేసిన బోర్డు మాత్రం అస్సలు వద్దు, నీరు తగిలితే ఉబ్బిపోతుంది. మన జిల్లాకు వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే కదా, పైగా మీది కొత్త గోడల ఇల్లు, ప్లాస్టరింగులో చెమ్మ ఇంకా పూర్తిగా ఆరి ఉండదు. సోఫాను గోడకు ఆనించకుండా మూడు నాలుగు అంగుళాలు ఎడంగా పెట్టండి.

మీ వెల్వెట్ కోరిక దగ్గరికి వచ్చాను. ఫొటోలో అది ఎంత అందంగా ఉంటుందో నాకు తెలుసు. కానీ రోహిణి కార్తెలో, కరెంటు పోయిన మధ్యాహ్నం కావలిలో వెల్వెట్ మీద అరగంట కూర్చోవడం ఊహించండి. వేడి పట్టుకుంటుంది, దుమ్ము పట్టుకుంటుంది. తుడవడం సులువు కదా అని రెక్సిన్ వైపు పోవద్దు. నేను చెప్పిన సోఫాకు వేసింది తోలులా కనిపించే అలాంటి గుడ్డే. చెమటకు, మన తేమ గాలికి మూడో ఏడు పైపొర పొట్టు పొట్టుగా రాలింది. చొక్కాలకు, వీపులకు అంటుకునేది. షాపులో అడిగితే బిల్లులో ఏ రకమో రాయలేదు కాబట్టి మేమేం చేయలేమన్నారు.

మీకు నప్పేది నూలు కలిసిన మందపాటి నేత గుడ్డ. మీరు కోరుకున్న గోధుమరంగే తీసుకోండి, కాకపోతే ఒకే రంగు నున్నటి గుడ్డ కాకుండా రెండు మూడు ఛాయల దారాలు కలిసి నేసింది చూడండి. మరకలు అంతగా కనిపించవు. సీటు కవర్లకు జిప్పు ఉండాలి, తీసి ఉతుక్కోవడానికి. నూలు గుడ్డ ఉతికితే కుదించుకుపోతుంది, కుట్టే ముందే ఒకసారి తడిపి ఆరబెట్టమని చెప్పండి. అదే గుడ్డ రెండు మీటర్లు ఎక్కువ కొని దాచుకోండి. నాలుగేళ్ళ తర్వాత ఒక సీటు చిరిగితే అదే రంగు దొరకదు. షాపు నుంచి చిన్న ముక్క తెచ్చుకుని ఇంట్లో దాని మీద ఒక చుక్క కొబ్బరినూనె, ఒక చుక్క చేపల పులుసు వేసి, మర్నాడు సబ్బుతో ఉతకండి. మరక పోతేనే ఆ గుడ్డ. తల ఆనే చోట మాత్రం ఒక టర్కీ టవలు వేసి ఉంచండి, తలనూనె జిడ్డుకు ఏ గుడ్డా ఆగదు.

ఆన్‌లైన్‌లో కొనడం మీ విషయంలో సరికాదు. కూర్చుని చూడకుండా కొనే వస్తువు కాదు, అందులోనూ మోకాళ్ళ నొప్పి ఉన్న మనిషి కోసం. మూడు సీట్ల సోఫా కావలిలోనో నెల్లూరు ట్రంకు రోడ్డు వైపో తిరిగి చూడండి. లేదా మంచి కుషన్ వర్క్స్ మేస్త్రీ దగ్గర మీ కొలతలకు చేయించండి. నేనైతే మేస్త్రీ వైపే మొగ్గుతాను, ఎత్తు, లోతు మీరు చెప్పినట్టు చేస్తాడు. అదే గుడ్డతో, గట్టి చెక్క చేతులున్న ఒక కుర్చీ విడిగా అత్తయ్య గారికి చేయించండి. చేతులు సీటు మీద నుంచి ఎనిమిది అంగుళాల ఎత్తులో, సీటు అంచుదాకా రావాలి. మూలకు తోసేయకుండా టీవీ కనిపించేటట్టు, అందరి మధ్య వేయండి. మీ 45 వేలలో 25 వేల చుట్టుపక్కల సోఫాకు, మిగతాది కుర్చీకి, దివాన్‌కు అనుకుని బేరం మొదలుపెట్టండి. సరిపోకపోతే దివాన్ ఆపి, మీ నవారు మంచానికి కొత్త నవారు వేయించి ఈ ఏడు గడపండి. కుర్చీ మాత్రం ఆపొద్దు.

ధర చెప్పినప్పుడు జీఎస్టీ కలిపా, విడిగానా అడగండి. చెక్క పేరు, ఫోమ్ డెన్సిటీ, గుడ్డ రకం, గ్యారంటీ ఎన్నేళ్ళు, దేనికి అనేవి బిల్లు మీద రాయించుకోండి. నేను చేయని పని అదే. రేపు ఏదైనా తేడా వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు చెప్పొచ్చు, రెండేళ్ళలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చు. ఐదు లక్షల లోపు వస్తువులకు అక్కడ ఫీజు ఉండదు. కాగితం మీద ఏమీ లేకపోతే మాత్రం అక్కడా చెప్పుకోవడం కష్టం.

ఆఖరిది. షాపుకో, మేస్త్రీ దగ్గరికో అత్తయ్య గారిని తీసుకుపోండి. "నేనెందుకమ్మా" అంటారు. కొలతకు మీరు లేకపోతే కుదరదని చెప్పి ఆటో ఎక్కించండి. అక్కడ ఆమెను పది నిమిషాలు కూర్చోనివ్వండి, మంచినీళ్ళు ఇచ్చి కబుర్లు చెప్పండి. ఎట్లా ఉందని అడగకండి, బాగుందనే అంటారు. లేచేటప్పుడు ఆమె చేతులు ఎక్కడికి పోతున్నాయో చూడండి. మీ వైపు చాచకుండా, సోఫా చేతుల మీద ఆనించి ఒక్క ఊపులో లేస్తే దానికే అడ్వాన్సు ఇవ్వండి.